పాత బండి దాహము

పామర్రు కూడలిలో ఒక గంటసేపు నిలిచి చూచినచో, దిగువ కృష్ణా డెల్టాలో గడచిన నాలుగైదు దశాబ్దముల బండ్ల చరిత్ర యంతయు కన్నుల యెదుట నడచిపోవును. విజయవాడనుండి మచిలీపట్నమునకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై (పూర్వము దీనినే 9వ నంబరు రహదారి యనెడివారు) క్రొత్త కార్లు దూసికొని పోవుచుండును. గుడివాడ మీదుగా భీమవరము వైపు సాగు 165వ నంబరు దారిలో చేపల చెరువుల బండ్లు వచ్చును. కూచిపూడి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డకు, దివిసీమ లోపలి యూళ్లకు పోవు దారిలో పాత జీపులు, టాటా సుమోలు, క్వాలిస్‌లు, తొలితరపు బొలేరోలు, స్కార్పియోలు కనబడును. పదునైదేండ్లు, ఇరువదియేండ్లు దాటిన ఈ పెద్ద బండ్లను గూర్చియే నేటి మా ప్రసంగము.

ఇవి షోకునకు ఉంచుకొన్న బండ్లు కావు. ప్రొద్దున చెరువునకు మేత బస్తాలు, మధ్యాహ్నము నాట్లకు కూలీలు, సాయంత్రము పెండ్లివారు, అర్ధరాత్రి గుండెనొప్పితో విజయవాడ ఆసుపత్రికి పెద్దవారు, అందరును ఈ బండిలోనే పోవలెను. యజమాని పది యెకరములు కౌలుకు చేయువాడో, రెండు చెరువులు లీజుకు తీసికొన్నవాడో అయి యుండును. ఆతని మనస్సును తొలుచు ప్రశ్న ఒక్కటే: ‘ఈ బండి డీజిలు త్రాగుచున్నది; దీనిని అమ్మివేసి, అప్పు చేసి, క్రొత్తది కొనవలెనా?’ ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పుకొన్నందున అప్పులలో దిగినవారు ఈ సీమలో ఉన్నారు. కాబట్టి సమాధానము చెప్పుటకు ముందు కొంత లెక్క చూతము.

మన దేశములో లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడుగుట వాడుక. ఈ అడుగుటలోనే ఒక కనికట్టు కలదు. ఒకని పాత బండి లీటరుకు 8 కిలోమీటర్లు ఇచ్చుచుండెననుకొందము. దానిని బాగుచేయించి 10కి తెచ్చెను. పొరుగువాని చిన్న కారు 16 ఇచ్చుచుండగా, అతడు దానిని అమ్మి 20 ఇచ్చు కారును కొనెను. వినువారికి రెండవవాడు నాలుగు కిలోమీటర్లు సంపాదించెను, మొదటివాడు రెండే సంపాదించెను అని తోచును. ఇద్దరును ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరుగుదురని లెక్క వేయుడు. మొదటివానికి పూర్వము 1,250 లీటర్లు పట్టెడిది, ఇప్పుడు 1,000 చాలును. మిగులు 250 లీటర్లు. రెండవవానికి 625 లీటర్లు పట్టుచోట 500 పట్టును. మిగులు 125 లీటర్లే. రెండు కిలోమీటర్లు సంపాదించినవాడు నాలుగు కిలోమీటర్లు సంపాదించినవానికంటె రెట్టింపు మిగుల్చుకొనెను. 2008లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన లారిక్, సోల్ అను ఇద్దరు ఆచార్యులు ఈ పొరపాటును పరిశీలించి ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. చదువుకొన్నవారు సైతము ఈ లెక్కలో బోల్తాపడుదురని వారు చూపిరి. ఐరోపా దేశములలో నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని అడుగుదురు. ఆ పద్ధతియే మేలైనదని మా అభిప్రాయము. ఖర్చు చేయునది లీటర్లకు గాని కిలోమీటర్లకు కాదు గదా!

దీనినిబట్టి తేలునదేమనగా, బండి ఎంత ఎక్కువ త్రాగునదైన, దానిలో చేసిన చిన్న బాగుకు అంత పెద్ద ఫలితము ఉండును. ఇప్పుడు మన కౌలురైతు ప్రశ్నకు వత్తము. ఆతని పాత బండి 11 ఇచ్చుచున్నది, క్రొత్తది 15 ఇచ్చును, ఏడాదికి 12,000 కిలోమీటర్ల తిరుగుడు అనుకొందము. పాతదానికి సుమారు 1,090 లీటర్లు, క్రొత్తదానికి 800. భేదము 290 లీటర్లు. లెక్క సులువు కొరకు లీటరు నూరు రూపాయలనుకొన్నచో, ఏడాదికి 29,000 రూపాయలు మిగులును. క్రొత్త బండికై పది లక్షలు అప్పు తెచ్చినచో, నూటికి తొమ్మిది వడ్డీయైనను మొదటి ఏడు వడ్డీయే 90,000కు దగ్గర పడును. డీజిలు మిగులుతో ఆ వడ్డీలో మూడవ వంతు కూడ తీరదు. అదే బండి నిర్లక్ష్యముచేత 9కి దిగజారియుండి, దానిని మరల 11కి తెచ్చుకొన్నచో మిగులునది 240 లీటర్లు. అనగా క్రొత్త బండి ఇచ్చు మిగులుకు ఏమంత తక్కువ కాదు. దానికి కావలసినది కొన్ని వేల రూపాయల పని, కొంత శ్రద్ధ.

అట్లని పాత బండిని ఎన్నటికిని విడువరాదని మేము చెప్పుటలేదు. గాలిసంచులు, మంచి బ్రేకులు, తక్కువ పొగ, ఇవి క్రొత్త బండికి గల నిజమైన గుణములు. పిల్లలను ఎక్కించుకొని రోజూ పెద్ద రోడ్డున పోవువారు వీనికై క్రొత్త బండి కొన్నచో తప్పుపట్టజాలము. చట్టము కూడ తన మాట తాను చెప్పును: సొంత బండికి 15 ఏండ్లు నిండిన పిదప రిజిస్ట్రేషనును ఐదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. తనిఖీలో బండి నిలువవలెను. కాని, ‘డీజిలు ఆదా కొరకు క్రొత్త బండి’ అనునది మాత్రము లెక్కకు నిలువని మాట.

మొదట తెలిసికొనవలసినది, అసలు బండి ఎంత త్రాగుచున్నది అని. ఈ సంగతి సరిగా ఎరిగిన యజమానులు అరుదు. కారణము స్పష్టమే. మన యూళ్లలో ట్యాంకు నిండ పోయించువారు తక్కువ; చేతిలో ఉన్నదానినిబట్టి బంకులో ఐదువందలది, వేయి రూపాయలది పోయించుకొందురు. రూపాయలు లెక్కకు వచ్చును గాని లీటర్లు రావు. కొలిచెడి పద్ధతి ఇది. ఒక బంకులో, ఒకే పంపు దగ్గర, చదునైనచోట బండిని నిలిపి, నాజిలు తనంతట తాను ఆగువరకు పోయింపవలెను. మీటరు అంకె వ్రాసికొనవలెను. 300 కిలోమీటర్లకు తక్కువ కాకుండ తిరిగి, మరల అదే చోట అదే విధముగ నింపించవలెను. పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగింపవలెను. ఒక్కసారి వచ్చిన అంకెను నమ్మరాదు. మూడుసార్లు చేసి సగటు చూడవలెను. ఒక సంగతి మరువరాదు. అందము కొరకు కంపెనీ ఇచ్చినదానికంటె పెద్ద టైర్లు వేయించినచో, చక్రము ఒక చుట్టు తిరుగుటకు బండి ఎక్కువ దూరము పోవును. మీటరు మాత్రము పాత దూరమునే చూపును. చుట్టుకొలత నూటికి పది పెరిగినచో మీటరు దాదాపు అంతమేర తక్కువ చూపును. అట్టివారు మైలేజి పడిపోయెనని మేస్త్రిపై కోపగించుకొనుట వృథా.

ఈ పాత బండ్లకు దాహమెక్కువ కావుటకు వాని పుట్టుకలోనే కొంత కారణము కలదు. జీపు పుట్టినది యుద్ధము కొరకు. 1941 మొదలు అమెరికా సైన్యమునకు విల్లీస్ సంస్థ తయారుచేసిన జీపులో 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను ఉండెడిది. బురదలో దిగబడక పోవుట దానికి ముఖ్యము గాని లీటర్ల లెక్క కాదు. 1945లో మన దేశమున వెలసిన సంస్థ, నేటి మహీంద్రా, పిమ్మటి కొద్ది ఏండ్లలో ఆ జీపులనే బొంబాయిలో కూర్చి అమ్మసాగెను. 1973 చివర అరబ్బు దేశములు చమురును బిగబట్టగా కొద్దినెలలలోనే ముడిచమురు ధర నాలుగింతలైనది. పెట్రోలు జీపు ఉంచుకొనుట నాడు ఏనుగును మేపుటయే ఐనది. మేస్త్రీలు పెట్రోలు ఇంజనులను తీసివేసి డీజిలు ఇంజనులను అమర్చుట అప్పుడు హెచ్చినది. కంపెనీ వారును ట్రాక్టరు జాతి డీజిలు ఇంజనును, ఆ పిదప ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ ఇంజనును జీపులలో పెట్టిరి. తొలి బొలేరోలలోని 2.5 లీటర్ల ఇంజను ఈ ప్యూజో వంశమునకు చెందినదే.

ఆ కాలపు చిన్న డీజిలు ఇంజనులు పెక్కింటిలో డీజిలు నేరుగా సిలిండరులో పడదు. ఇంజను తలలో ఒక చిన్న గది ఉండును. డీజిలు ముందుగా ఆ గదిలో చిమ్మబడి, అక్కడ అంటుకొని, మండుచు సిలిండరులోనికి వచ్చును. దీనివలన చప్పుడు తగ్గును, ఇంజను మెత్తగా నడచును. కాని ఆ గది గోడలగుండ వేడి కొంత నీళ్లలోనికి జారిపోవును. ఇరుకు దారిని దాటుటలో కొంత బలము పోవును. నేరుగా చిమ్ము ఇంజనుతో పోల్చినచో నూటికి పది పదునైదు వంతులు ఎక్కువ డీజిలు దీనికి కావలసియుండును. క్రొత్త ఇంజనులు వేయి వాయుపీడనములకు మించిన ఒత్తిడితో డీజిలును సన్నని మంచువలె నేరుగా సిలిండరులోనికే చిమ్మును. పాత ఇంజనుకు ఈ గుణమును ఏ మేస్త్రియు తెచ్చిపెట్టజాలడు. పుట్టుకతో వచ్చిన దాహము అంతమాత్రము భరింపవలసినదే. పైగా, 2014 అక్టోబరులో నియంత్రణ తొలగువరకు డీజిలు ధరను ప్రభుత్వము పట్టి ఉంచెడిది. పెట్రోలుకు ఆ నియంత్రణ 2010 జూనులోనే తొలగినది. 1994లో సుమో, 2000లో క్వాలిస్, బొలేరో, 2002లో స్కార్పియో వచ్చిన రోజులలో డీజిలు పెట్రోలుకంటె ఎంతో చౌక. త్రాగిన త్రాగనిమ్మను ఉదాసీనత అప్పుడు అలవడినది. చౌక పోయినది గాని అలవాటు పోలేదు.

ఇక పుట్టుకతో రాని దాహమును చూతము. మన డెల్టా బల్లపరుపు నేల. కొండ లేదు, ఘాటు లేదు. ఉన్న ఎత్తెల్ల కాలువ వంతెనల మీదనే. అటువంటప్పుడు బండి ఇక్కడ తక్కిన జిల్లాలకంటె ఎక్కువ మైలేజి ఇవ్వవలెను. ఇవ్వకున్నచో బలము ఎక్కడికి పోవుచున్నది? బల్లపరుపు నేలమీద సమవేగముతో పోవు బండి రెండింటితో పోరాడును: ఒకటి గాలి, రెండవది టైరు క్రింది నేల. సుమారు 1,800 కిలోల బరువుగల పెట్టె ఆకారపు బండికి, స్థూలముగా, గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఈ రెండును ఇంచుమించు సమానము. నేల యొక్క అడ్డు వేగముతో అంతగా పెరుగదు. గాలి అట్లు కాదు. దాని అడ్డు వేగము యొక్క వర్గమునుబట్టి పెరుగును. 60నుండి 80కి పోయినచో గాలి అడ్డు దాదాపు ఒకటి ముప్పాతిక రెట్లగును. 100కి పోయినచో రెండు ముప్పాతిక రెట్లకు పైబడును. నాలుగు వరుసల రోడ్డు పడినది మొదలు విజయవాడకు 90, 100 వేగమున పోవుట వాడుక ఐనది. చెప్పులపెట్టె వంటి ముఖముగల బొలేరోను, జీపును ఆ వేగమున త్రోయుట గాలిగోడను త్రోయుటయే. దీనికి తోడు పాత బండ్ల గేర్లు తక్కువ వేగమునకు ఏర్పరచినవి. 90 దాటినచో ఇంజను అరచును. పామర్రునుండి బెజవాడకు 90లో పోవుటకును 65లో పోవుటకును గల భేదము కొద్ది నిమిషములు మాత్రమే. ఆసుపత్రికి పోవువానికి ఆ నిమిషములు ప్రాణము. కోర్టు వాయిదాకు పోవువాడు కొంచెము ముందుగా బయలుదేరవచ్చును.

మన ప్రాంతపు సొంత విశేషమొకటి ఇక్కడ చెప్పవలెను. వేసవి మధ్యాహ్నములందు సముద్రపు గాలి తిరుగును. పామర్రునుండి మచిలీపట్నము ఆగ్నేయముగా ఉన్నది. ఆ గాలియు ఇంచుమించు ఆ దిక్కునుండియే వచ్చును. గంటకు 20 కిలోమీటర్ల గాలికి ఎదురుగ 60 వేగమున పోవు బండికి, గాలి మట్టుకు 80లో పోవుచున్నట్లే. అదే బండి సాయంత్రము తిరిగి వచ్చునప్పుడు గాలి వీపున తట్టును. ఒక్క పోకనుబట్టి గాని, ఒక్క రాకనుబట్టి గాని మైలేజి తీర్పు చెప్పరాదనుటకు ఇదియొక కారణము. బండిపై కప్పునకు బిగించు క్యారేజి మరియొకటి. సంక్రాంతికి ఒకసారి సామాను వేయుటకై బిగించినది పండుగ గడచిన పిమ్మట అట్లే ఉండిపోవును. దానిపై సామాను పెట్టెయో, టార్పాలిను మూటయో ఉన్నచో పెద్దరోడ్డు వేగమున నూటికి ఆరు మొదలు పదునైదు వంతుల దాక డీజిలు హెచ్చవచ్చును. నాలుగు బోల్టులు విప్పినచో పోవు ఖర్చు ఇది. ఇంత సులువైన ఆదా మరియొకటి లేదు.

టైరు సంగతి. గాలి పోయు కుర్రవాడు ‘పాయింటు’ అనునది ఒకటి తగ్గినచో మైలేజి వేయింటికి రెండు వంతులు తగ్గునని లెక్క. పది పాయింట్లు తగ్గినచో నూటికి రెండు. ఇది చిన్నదిగ తోచును, నిజముగ చిన్నదియే. గాలి పట్టించుకొన్నంత మాత్రమున పాత బండి మహాద్భుతముగ మారునని చెప్పువారు అతిశయోక్తి పలుకుచున్నారు. అయినను రూపాయి ఖర్చు లేని పని గనుక విడువరాదు; టైరు అరుగుదలయు తగ్గును. ఇంతకంటె పెద్ద భేదము టైరు జాతిలో ఉన్నది. బురదకై వేసిన పెద్ద గాట్ల నైలాను టైర్లతో తారురోడ్డుమీద తిరుగు జీపులు అనేకము. అవి అరిగిపోయినప్పుడు రేడియల్ టైర్లు వేయించినచో బండి తేలికగ దొర్లును. ముందు చక్రములకు కూడ బలము అందించు జీపులలో ఆ గేరును వేసవియందు వేసి ఉంచుట మరియొక పొరపాటు. పొడి రోడ్డుమీద దానివలన డీజిలు పోవుటే కాక గేర్లు నలుగును.

ఇక మా దృష్టిలో డెల్టా యజమానిని అన్నిటికంటె ఎక్కువ దోచుకొనునది వేగము సైతము కాదు. ఆగుట, మరల కదలుట. కాలువగట్లవెంట ఊరు తరువాత ఊరు దండగ్రుచ్చినట్లు ఉండును. ప్రతి ఊరికి రెండు స్పీడుబ్రేకర్లు, ఒక గేదెల మంద. కోతల కాలమున రోడ్డుమీద ఆరబోసిన ధాన్యము. ఒక లెక్క వేయుదము. మనుష్యులతో కలిపి రెండు టన్నుల బండి 50 వేగమున పోవుచుండి ఆగినది. ఆ వేగములో దాగియున్న బలమంతయు బ్రేకులలో వేడియై పోయినది. మరల 50కి తెచ్చుటకు, ఇంజను డీజిలులోని శక్తిలో నాలుగవ వంతును చక్రమునకు అందించుననుకొన్నచో, సుమారు 20 మిల్లీలీటర్ల డీజిలు కావలెను. అనగా దాదాపు నలుబది ఐదుసార్లు అట్లు ఆగి కదలినచో ఒక లీటరు. అవనిగడ్డకు పోయి వచ్చులోపల ఎన్నిసార్లు ఆగితిమో ఎవరికి వారు లెక్కించుకొనవచ్చును. గేదెలను మేము మార్పజాలము. కాని దూరమునుండియే మందను చూచి, ఆక్సిలేటరుమీది కాలు తీసి, బండిని గేరులోనే ఉంచి జారనిచ్చి, ఆగకుండ మెల్లగ దాటు డ్రైవరుకును, దగ్గరవరకు ఉరికించి బ్రేకు త్రొక్కు డ్రైవరుకును నెల తిరుగునప్పటికి గల భేదము పెద్దది.

‘గేరులోనే ఉంచి’ అని మేము పట్టి పలికితిమి. మన డ్రైవర్లలో బండిని న్యూట్రలులో వేసి జారనిచ్చుట గొప్ప ఆదాగా చెలామణి యగుచున్నది. గేరులో ఉండి కాలు తీసినప్పుడు చక్రములే ఇంజనును త్రిప్పును. పాత పంపులోని గవర్నరు సైతము డీజిలును ఆపివేయును. న్యూట్రలులో వేసినచో ఇంజను తనకు తాను తిరుగుటకు డీజిలు త్రాగవలెను. ఆపై ఇంజను పట్టు లేక బండి అదుపు తప్పు ప్రమాదము. ఇంత తెలిసినవారును ఆ అలవాటు మానరు. అది ఏ విచిత్రమో!

బరువు కూడ ఈ ఆగి కదలుటలోనే తన ధర వసూలు చేసికొనును. ఆరు మేత బస్తాలు దింపుట మరచి మూడు దినములు త్రిప్పినచో ఆ డీజిలు మేత ఖర్చు పద్దులోనే వ్రాయవలెను. బండి దేనికొరకు తిరుగుచున్నదో దానినిబట్టి లెక్క మారుననుట నిజమే. పామర్రు చెంతనే ఉన్న నిమ్మకూరున పుట్టిన నందమూరి తారకరామారావు గారు 1982లో ఒక పాత షెవర్లే బండిని చైతన్యరథముగ మార్పించి రాష్ట్రమంతయు తిరిగిరి. ఆ రథమునకు లీటరుకు ఎంత అని ఎవరడుగుదురు? ఎన్నికల లెక్క వేరు, చేపల మేత లెక్క వేరు.

నిలిచియున్న బండి త్రాగునది మరొకటి. రోహిణికార్తె ఎండలో సంత దగ్గర, ఆసుపత్రి దగ్గర, ఏ.సి. వేసి, ఇంజను ఆపక, అరగంట నిలుపుట చూచుచున్నాము. రెండున్నర లీటర్ల ఇంజను ఊరక తిరిగినను గంటకు అరలీటరునుండి లీటరు దాక త్రాగును, ఏ.సి. ఉన్నచో ఇంకను పైన. ఆ గంటకు వచ్చిన కిలోమీటర్లు సున్న.

షెడ్డు పనులకు వత్తము. ఇక్కడ మేస్త్రీలయందు మాకు గౌరవము కలదు. అయినను ఒక ఆచారమును ఖండింపక తప్పదు. ఎండలు ముదిరి ఇంజను కాగినప్పుడు థర్మోస్టాటు కవాటమును పీకి పారవేయుట మన ప్రాంతమున సర్వసామాన్యము. అది లేకున్న నీళ్లు ఎల్లప్పుడు రేడియేటరులో తిరిగి ఇంజను చల్లగా ఉండునని వారి తర్కము. ఇంజనుకు కావలసినది చల్లదనము కాదు, సరియైన వేడి; నీళ్ల వేడి 80 డిగ్రీలు దాటిన పిమ్మటనే అది పొదుపుగ నడచును. కవాటము లేని ఇంజను ప్రొద్దున బయలుదేరి చెరువుకు పోయి వచ్చువరకు వేడెక్కనే వేడెక్కదు. డీజిలు సగము మండును, ఆయిలు చిక్కగా ఉండి అడ్డుపడును, సిలిండరు త్వరగా అరుగును. ఇంజను కాగుచున్నచో పూడిపోయిన రేడియేటరును శుభ్రము చేయింపవలెను గాని కవాటమును బలిపెట్టరాదు.

ఎయిర్ ఫిల్టరును గూర్చి రెండు మాటలు. కంప్యూటరుతో నడచు క్రొత్త ఇంజనులలో ఫిల్టరు కొంత మూసికొన్నను మైలేజి అంతగా మారదు. గాలి తగ్గినచో ఇంధనమును అదియే తగ్గించుకొనును. పాత పంపు గల డీజిలు ఇంజనుకు ఆ తెలివి లేదు. కాలు ఎంత త్రొక్కిన అంత డీజిలు పోయును. గాలి చాలకున్నచో మిగిలినది నల్లపొగయై పోవును. నూర్పుల కాలపు ఊకధూళిలో తిరుగు బండికి ఫిల్టరును పుస్తకములో చెప్పినదానికంటె ముందుగనే చూడవలెను. ఫిల్టరు శుభ్రముగ ఉండియు నల్లపొగ వచ్చుచున్నచో, నాజిళ్లు అరిగినవని గాని, పంపు లెక్క తప్పినదని గాని గ్రహించి, పరీక్షా యంత్రముగల షెడ్డులో చూపింపవలెను. చెవితో విని పంపు స్క్రూ త్రిప్పి, ‘పికప్పు పెంచితిని’ అను మేస్త్రి, పికప్పుతో పాటు ఖర్చును పెంచియుండును.

సముద్రము దగ్గరి ఉప్పుగాలి, రొయ్యల చెరువుల ఉప్పునీరు, కాలువ బురద, ఈ మూడును చక్రముల దగ్గర చేరి బ్రేకులను పట్టివేయును. దివిసీమలో, బందరు తీరమున తిరుగు బండ్లకు ఈ వ్యాధి మెండు. పరీక్ష సులభము. పది కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడక పోయి, ఆగి, నాలుగు చక్రముల నడిమి భాగమునకు చేయి దగ్గరగా తెచ్చి చూడవలెను. తాకరాదు, చర్మము కాలవచ్చును. ఒక్కటి మిగిలినవానికంటె మిక్కిలి వేడిగా ఉన్నచో అక్కడ బ్రేకు పట్టుచున్నదని, లేక బేరింగు పోయినదని తెలిసికొనవలెను. ఇట్టి బండి కాలికి రాయి కట్టుకొని నడచునట్లు నడచును. ఇంజనును ఎంత బాగుచేసినను ప్రయోజనము లేదు. మా యెఱుకలో, మైలేజి పోయినదని ఇంజను విప్పించుటకు సిద్ధపడినవారు ముందుగ చూడవలసినది ఇదియే.

డీజిలు గొట్టమునకు అయస్కాంతము కట్టుట, ట్యాంకులో సీసామందు పోయుట వంటి ప్రకటనలు నేడు ఫోనులలో విరివిగా వచ్చుచున్నవి. అమెరికా ప్రభుత్వపు పర్యావరణ శాఖ ఇటువంటి పరికరములను నూటికి పైగా పరీక్షించి, మిక్కిలి కొద్దింటియందు మాత్రమే ఏదో స్వల్పముగ గుణము కనుగొన్నది. ఆ డబ్బుతో ఒక డీజిలు ఫిల్టరు కొనుట మేలు. చెరువుల దగ్గర ఇంజనులకై పీపాలలో నిలువచేసిన డీజిలును బండిలో పోసికొనువారికి ఇది మరింత అవసరము. తేమగాలికి పీపాలో నీరు చేరును, ఆ నీరు పంపును, నాజిళ్లను తినివేయును. ఫిల్టరు క్రింద ఉన్న మరను వదులుచేసి అప్పుడప్పుడు ఆ నీటిని వదలవలెను.

పెట్రోలు బండ్లు ఈ జాతిలో తక్కువే గాని, ఉన్నవారికి ఒక విషయము. ఇప్పుడు బంకులలో దొరకు పెట్రోలులో నూటికి ఇరువది వంతులు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలుకు లీటరుకు పెట్రోలుకంటె మూడవ వంతు తక్కువ శక్తి. దీనికై తయారుకాని పాత నాలుగు చక్రముల బండ్లలో మైలేజి నూటికి ఆరేడు వంతులు తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ ప్రకటించిన ప్రణాళికలోనే ఉన్నది. అంతమేర తగ్గినచో మేస్త్రి దగ్గరకు పరుగెత్త పనిలేదు. పాత రబ్బరు గొట్టములు మాత్రము ఉబ్బినవేమో, చీలినవేమో చూపించుకొనవలెను.

ఇన్ని చేసిన పిమ్మటను అంకె పైకి రానిచో, అప్పుడు ఇంజను లోపలి అరుగుదలను అనుమానింపవలెను. ఆయిలు మూత తీసి, ఇంజను తిరుగుచుండగా అక్కడనుండి పొగ కొట్టుచున్నదేమో చూడుడు. ప్రొద్దున స్టార్టు చేయుట కష్టమగుచున్నదా, వేయి కిలోమీటర్లకు ఎంత ఆయిలు పోయవలసివచ్చుచున్నది, అని వ్రాసి పెట్టుకొనుడు. ఈ లక్షణములు కూడినచో సిలిండర్ల ఒత్తిడి కొలిపించి, బోరు పనికి ఎంతయగునో ఇద్దరు మేస్త్రీలను వేరువేరుగ అడిగి, ఆ మొత్తమును తమ ఏడాది లీటర్ల లెక్క ప్రక్కన వ్రాసికొనవలెను. అమ్ముటయా, ఉంచుటయా అను ప్రశ్నను అడుగవలసిన సమయము అదియే.